స్మోకీ పర్వతాలలో సర్వేల్ పూర్వ విద్యార్థుల కలయిక: కేబిన్ తీసుకోబోయే వారికి కొన్ని మాటలు

టెనెసీ రాష్ట్రంలోని గాట్లిన్‌బర్గ్, పిజియన్ ఫోర్జ్ ఊళ్ల చుట్టూ కొండల మీద కట్టిన, కేబిన్లు అని పిలిచే పెద్ద చెక్క ఇళ్లను అద్దెకు తీసుకుని కలుసుకోవడం అమెరికాలోని తెలుగువారికి ఆనవాయితీగా మారింది. అట్లాంటా, నాష్‌విల్, షార్లెట్ నగరాల నుంచి నాలుగు గంటలకు అటూ ఇటూగా కారు ప్రయాణం కావడం, దూరం నుంచి వచ్చేవారికి నాక్స్‌విల్ విమానాశ్రయం దగ్గరగా ఉండడం అందుకు కారణాలు. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో మొదలైన, తెలంగాణలోని సర్వేల్ గురుకుల పాఠశాలలో ఎనభైలలో చదువుకుని ఇక్కడ స్థిరపడిన మేము కూడా మే నెలాఖరున వచ్చే మెమోరియల్ డే సెలవులకు ఆ పనే చేశాము. కలయిక బాగానే జరిగింది కానీ, ఇల్లు అద్దెకిచ్చిన సంస్థ మమ్మల్ని నిలువునా దోచుకుంది.

ప్రకటనలో ఎనిమిది పడక గదులు, 26 మందికి పడకలు అని ఉంది. తీరా చూస్తే తలుపులున్న గదులు ఆరే. ఏడవది పై అంతస్తులో తలుపు లేకుండా కిందికి కనిపించే అటక; ఎనిమిదవది బిలియర్డ్స్ బల్ల పక్కన నాలుగు బంక్ బెడ్లు వేసిన ఆటల గది. మిగిలిన పడకల లెక్కను హాల్లోని సోఫాలతో పూర్తి చేశారు. చిన్నప్పుడు ఇనుప పెట్టె పక్కన చాప పరుచుకుని హాయిగా నిద్రపోయినవాళ్లమే గానీ, మోకాళ్ల నొప్పులు మొదలైన వయసులో నిచ్చెన ఎక్కి పై బెర్తులో పడుకోవడం వేరు సంగతి. భార్యాపిల్లలు లేకుండా ఒంటరిగా డాలస్ నుంచి వచ్చిన మిత్రుడికి ఆ బెర్తే దక్కింది. వాటాలు కుటుంబానికి ఇంత అని ముందే నిర్ణయించడం వల్ల గది దొరికిన వారితో సమానంగా అతడూ చెల్లించవలసి రావడంతో, మొదటి రాత్రి నుంచే ముఖం మాడ్చుకుని తిరిగాడు. అతడి కోపం న్యాయమైనదేనని మా శ్రీమతి అందరి ముందూ అనడంతో లెక్కలు చూస్తున్న మిత్రుడికీ అలక వచ్చింది.

ఆ లెక్క ఇది. రాత్రికి 1,150 డాలర్ల చొప్పున 3,450. శుభ్రం చేసినందుకు 625, సేవా రుసుము 410, పన్నులు 520. మొత్తం 5,005 డాలర్లు. పదకొండు కుటుంబాలకు తలా 455. ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించేది మొదటి అంకె మాత్రమే. ఇవి కాక డిపాజిట్ 500.

ఇంటికి చేరే దారి గురించి ఎవరూ చెప్పలేదు. చివరి అర మైలు కంకర రోడ్డు ఎంత నిటారుగా ఉందంటే, నాక్స్‌విల్‌లో అద్దెకు తీసుకున్న చిన్న కారు మలుపు దగ్గర చక్రాలు గిర్రున తిరుగుతూ వెనక్కి జారింది. పైన ఆరు కార్లకే చోటుంది. మిగిలినవి కింద వదిలి, పెట్టెలను పెద్ద బండ్లలో విడతలుగా చేరవేశాము. అట్లాంటాలో కొడుకు ఇంటికి వచ్చి ఉన్న మా లెక్కల సారు గారిని ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని మెట్లెక్కించి, కింది అంతస్తులోని మంచి గది ఇచ్చాము.

భోజనాల సంగతికి వస్తే, మొదటి రోజు నాక్స్‌విల్ నుంచి తెప్పించిన బిర్యానీ మనిషికి 14 డాలర్లు, చేరవేసినందుకు అదనంగా 90. చల్లారిపోయి, అడుగున నూనె పేరుకుని వచ్చింది. మరునాడు రాత్రి వంట మేమే చేసుకున్నాము. సర్వపిండి, మటన్ కూర, పచ్చిపులుసు. ఒక మిత్రుడు ఇంటి నుంచి మోసుకొచ్చిన మందపాటి గిన్నె అంచులకు పిండి వత్తి, వేళ్లతో చిల్లులు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి కాల్చిన సర్వపిండి కోసం ఇంగ్లీషు తప్ప మాట్లాడని పిల్లలు సైతం పళ్లేలు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. ఆ ఒక్క పూట కోసం మళ్లీ అంత దూరం వెళ్లమన్నా వెళ్తాను.

అయితే పచ్చిపులుసులోకి ఎండుమిర్చి పోపు పెట్టగానే ఇంట్లోని పొగ అలారాలన్నీ ఒక్కసారిగా మోగాయి. పొయ్యి మీద ఉన్న ఫ్యాను పొగను బయటికి పంపే రకం కాదు. జల్లెడ గుండా తిప్పి తిరిగి వంటగదిలోకే వదిలే రకం. అప్పటికే పడుకున్న సారు గారు ఉలిక్కిపడి లేచి వచ్చి, "ఐదు గంటల బెల్లు అప్పుడే కొట్టిండ్రా?" అన్నారు. కిటికీలన్నీ తెరిచి, తువ్వాళ్లతో విసిరితే గానీ గోల ఆగలేదు.

మధ్యలో ఒక రోజు న్యూఫౌండ్ గ్యాప్ అనే కనుమ, 6,643 అడుగుల ఎత్తున్న కువోహీ శిఖరం చూసి వచ్చాము. క్లింగ్‌మన్స్ డోమ్ అనే పేరు తీసి 2024లో పాత చెరోకీ పేరునే తిరిగి పెట్టారు. ఇవి ఉన్న స్మోకీ పర్వతాల జాతీయ పార్కులో ప్రవేశం ఉచితమే గానీ, 2023 నుంచి పావుగంటకు మించి కారు నిలపాలంటే బండికి రోజుకు 5 డాలర్ల చీటీ తప్పనిసరి.

ఇల్లు ఖాళీ చేసిన తరువాత సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. లోపల పొగ తాగినందుకు డిపాజిట్‌లో 400 డాలర్లు కోసుకున్నామని అందులో ఉంది. మాలో సిగరెట్ ముట్టే మనిషే లేడు. ఫోన్ చేస్తే, అలారం మోగిన సమయం తమ దగ్గర నమోదై ఉందని, మీ దేశపు వంటల వాసన వదిలించడం కూడా అంతే ఖర్చని మేనేజరు విసురుగా చెప్పి పెట్టేసింది. వంటగది ఫ్యాను, పోపు గరిటె ఫోటోలతో క్రెడిట్ కార్డు వారికి ఫిర్యాదు చేయగా 250 వెనక్కి వచ్చాయి.

కాబట్టి ఇరవై మంది దాటితే కేబిన్ జోలికి వెళ్లవద్దన్నది నా గట్టి అభిప్రాయం. పిజియన్ ఫోర్జ్‌లో కింద రోడ్డు మీదే ఉన్న హోటల్లో గదులు, ఒక హాలు మాట్లాడుకోండి. లేదా నాష్‌విల్ వైపు వారికి దగ్గరగా ఉండే ఫాల్ క్రీక్ ఫాల్స్ రాష్ట్ర పార్కు వసతులు చూడండి. వంట తప్పనిసరి అనుకుని కేబినే తీసుకుంటే, తలుపులున్న గదులెన్ని, దారి ఫోటో, వంటగది పొగ ఎటు పోతుంది అనే మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా డబ్బు కట్టవద్దు. వాటాలు గదుల లెక్కన వేసుకోవడం మరీ మంచిది. పోయిన 150 డాలర్లను పదకొండు వాటాలు వేస్తే తలా 13 డాలర్ల 64 సెంట్లు పడింది. పై బెర్తు మిత్రుడు తన వాటా ఇంకా పంపలేదు, లెక్కలు చూసే మిత్రుడు అడగనూ లేదు.