ఐదో వంతు టైగర్ మాత్: కట్టుకున్నాక, ఏళ్ల తరబడి ఎగరేశాక

ముందే చెప్పేస్తున్నా, రేడియో రిమోట్‌తో ఎగరేసే ఈ మోడల్ విమానం కిట్ కొనుక్కోవచ్చు. అయితే డబ్బా మీద ఫొటో చూసి కాదు, లోపలున్న చెక్క కోసం కొనుక్కోవాలి. లేజర్‌తో కోసిన బాల్సా, ప్లై ముక్కలు అంత చక్కగా కుదురుతాయి. వాటితో పాటు వచ్చే బ్రాకెట్లు, చక్రాలు, పల్చటి ప్లాస్టిక్ కౌలింగ్ (ఇంజిన్ మీది తొడుగు) మాత్రం కొలతలు తీసుకోవడానికి తప్ప దేనికీ పనికిరావు. వాటిని పక్కన పెట్టి వేరేవి కొనుక్కునే ఓపిక, డబ్బు ఉన్నవాళ్లకే ఇది. కిట్ ధర ఒక లెక్క అయితే మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ, రెక్క, తోక పలకల్ని కదిపే సర్వోలు, బ్యాటరీలు, బట్ట, రంగులు, వైర్లు కలిపి అంతకు మించిన లెక్క అవుతుంది. పైన కస్టమ్స్ సుంకం.

అసలు విమానం బ్రిటన్‌కు చెందిన డి హావిలాండ్ డీహెచ్ 82ఏ టైగర్ మాత్, ఒకదాని మీద ఒకటి రెండు వరసల రెక్కలున్న బైప్లేన్. మొదటి టైగర్ మాత్ 1931 అక్టోబర్ 26న ఎగిరింది. 82ఏకి తలకిందులుగా బిగించిన నాలుగు సిలిండర్ల జిప్సీ మేజర్ ఇంజిన్, 130 హార్స్‌పవర్, రెక్కల నిడివి 8.94 మీటర్లు. ఐదో వంతుకు దించితే 1.79 మీటర్లు వస్తుంది. బ్యాటరీతో కలిపి నా మోడల్ బరువు ఐదు కిలోలకు కాస్త తక్కువ. మా హైదరాబాద్ వాళ్లకు ఈ విమానంతో చుట్టరికం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బేగంపేటలో కొత్త పైలట్లు ఓనమాలు నేర్చుకున్నది దీని మీదే. తర్వాత 1950ల్లో మన హెచ్‌ఏఎల్ వాళ్ల శిక్షణ విమానం హెచ్‌టీ-2 వచ్చి దీన్ని ఇంటికి పంపింది. బ్రిటన్‌లో బాగు చేయించి తెచ్చిన ఒక పాత టైగర్ మాత్ 2012 వైమానిక దళ దినోత్సవంలో హిండన్‌లో ఎగిరింది కూడా. అందుకే నాది కూడా శిక్షణ విమానాల పసుపు రంగులో, బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ ఉన్న మన వలయాలతో తయారైంది.

ఫ్యూజలాజ్ (విమానం మొండెం) గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నాలుగు లాంజెరాన్లు (నిలువునా సాగే పొడుగు పుల్లలు), మధ్యలో ఫార్మర్లు (అడ్డ చట్రాలు), ప్లాన్ మీద పెట్టి పిన్నులు గుచ్చి ఫెవికాల్ రాసుకుంటూ పోవడమే. రెక్కలు కూడా అంతే. రిబ్బులు (రెక్క ఆకారం ఇచ్చే ముక్కలు) స్పార్ల (రెక్క పొడవునా సాగే దూలాల) మీద గాట్లలో తమంతట తామే కూర్చుంటాయి. ఇంతకు ముందు ఒకటి రెండు ట్రైనర్లు (నేర్చుకునేవాళ్ల మోడళ్లు) కట్టిన చెయ్యి అయితే ఇక్కడిదాకా టెన్షన్ ఉండదు.

అసలు పని కేబేన్ దగ్గర మొదలవుతుంది. ముందు కాక్‌పిట్ ఎదురుగా నిలబడి పై రెక్క మధ్య భాగాన్ని మోసే స్ట్రట్లు (ఊత కర్రలు) ఇవి. టైగర్ మాత్‌ను దూరం నుంచే గుర్తుపట్టించే వెనక్కి వాలిన రెక్కలకు కారణం కూడా ఇక్కడే ఉంది. పాత మాత్‌లలో ముందు సీటు సరిగ్గా పై రెక్క కింద ఉండేది. పారాచూట్ కట్టుకున్న మనిషి తొందరగా బయటపడటం కష్టం. అందుకని మధ్య భాగాన్ని ముందుకు జరిపారు. దాంతో ఎత్తుబలం ముందుకు పోతుంది కాబట్టి, గురుత్వ కేంద్రంతో లెక్క సరిపోవడానికి రెక్కలను వెనక్కి వంచారు. ఆ రోజు డిజైనర్లు పడ్డ తంటాలు మోడల్ కట్టేవాడికీ తప్పవు. కిట్‌లో ఇచ్చిన కేబేన్ బ్రాకెట్లు మెత్తటి అల్యూమినియం. రెండుసార్లు వంచితే పగులు కనిపిస్తుంది. నేను వాటిని తీసేసి స్ట్రట్ల లోపల పియానో వైర్ పెట్టి, కలిసే చోట సన్నటి రాగి తీగ చుట్టి, సోల్డర్ చేశాను. ఇన్నేళ్లలో ఒక్క కేబేన్ కూడా కదల్లేదు. పై మధ్య భాగం కోణం అర డిగ్రీ తేడా వచ్చినా గాల్లో తెలిసిపోతుంది. కాబట్టి ఇక్కడ మాత్రం తొందర పనికిరాదు. ప్లైవుడ్‌తో ఒక జిగ్ (ముక్కల్ని సరైన కోణంలో పట్టి ఉంచే అచ్చు) కోసుకుని, అందులో కూర్చోబెట్టాకే సోల్డర్ చెయ్యండి.

ఇప్పుడు రెక్కలను ఒకదానికొకటి లాగి బిగించి ఉంచే వైర్ల సంగతి. ఏళ్ల తరబడి వాడాక నాకు తెలిసిందల్లా ఒకటే. బైప్లేన్ మోడల్ గాల్లో తిరుగుతుందా, అటక మీద పడుంటుందా అన్నది వైర్లు ఎలా కట్టారన్న దాని మీదే ఉంటుంది. ప్లాన్‌లో చూపించినట్టు కడితే మైదానంలో ప్రతిసారీ నాలుగు రెక్కలూ విడివిడిగా బిగించి, పదహారు వైర్లూ ఒక్కొక్కటిగా తగిలించి, లాగి చూసుకోవాలి. ఇది నులక మంచం బిగించడం లాంటిది, ఒక పక్క లాగితే ఇంకో పక్క వదులవుతుంది. ముప్పావుగంట పడుతుంది. అప్పటికి పొద్దున గాలి లేని సమయం కాస్తా అయిపోతుంది. రెండు ఆదివారాలు ఇలా పోతే మూడో ఆదివారం ఫోమ్ విమానం తీసుకుని వెళతాం. ఎవరైనా అంతే.

నేను చేసింది ఏమిటంటే, ఎడమ పక్క పై రెక్క, కింది రెక్క, మధ్య స్ట్రట్లు, వాటి వైర్లు అన్నీ కలిపి విడదీయకుండా ఒకే పెట్టెలా ఉంచేశాను. కుడి పక్కా అంతే. ఒక్కో పెట్టె సుమారు తొంభై సెంటీమీటర్ల పొడవు, కారు వెనక సీట్లో రెండూ పక్కపక్కన పడతాయి. మైదానంలో కార్బన్ గొట్టాల మీదికి తోసి, ఒక్కో పక్కకు రెండు బోల్టులు, రెండు ఫ్లయింగ్ వైర్ల (గాల్లో రెక్క పైకి వంగకుండా పట్టేవి) క్లెవిస్‌లు, అంటే కొక్కేలు, తగిలిస్తే చాలు. పది నిమిషాలు. ఇంకో సుఖం ఏమిటంటే అసలు టైగర్ మాత్‌లో ఎయిలెరాన్లు (విమానాన్ని పక్కకు వాల్చే కదిలే పలకలు) కింది రెక్కలకే ఉంటాయి. అందుకని పై రెక్కలో సర్వో లేదు, కనెక్టర్ లేదు.

వైర్‌గా కిట్ నైలాన్ తాడు ఇస్తారు. ఎండకు సాగుతుంది, వద్దు. చేపల వేటకు వాడే, ప్లాస్టిక్ పూత ఉన్న స్టీల్ ట్రేస్ వైర్ తీసుకుని చివరలు చిన్న గొట్టంలో నొక్కి క్రింప్ చేసుకోండి. అసలు విమానం వైర్లు గుండ్రంగా ఉండవు, గాలిని కోసేలా చదునుగా ఉంటాయి. నేను గుండ్రటి వైర్‌కే వెండి రంగు వేశాను. నాలుగడుగుల దూరం నుంచి ఎవరూ కనిపెట్టలేదు. పోటీకి పెట్టేవాళ్ల సంగతి వేరు.

డీటెయిలింగ్ దగ్గర నాకు ఎక్కువ సాయపడింది లండన్‌లో ఉండే మా బావమరిది. అక్కడ హెండన్‌లోని ఆర్‌ఏఎఫ్ (బ్రిటన్ వైమానిక దళం) మ్యూజియంలో ఉన్న టైగర్ మాత్ చుట్టూ తిరిగి, స్ట్రట్ చివరలు, వైర్ బిగింపులు, కాక్‌పిట్ తలుపుల కీళ్లు, అన్నిటికీ దగ్గర నుంచి ఫొటోలు తీసి పంపాడు. “బావా, రెక్క మీద గాజు గొట్టం ఏంటి, విరిగిపోదా?” అని అడిగాడు. అది పెట్రోల్ గేజ్. ట్యాంక్ పై రెక్క మధ్య భాగంలోనే ఉంటుంది. లోపల తేలే బెండుకు కట్టిన పుల్ల ఆ గొట్టంలో పైకీ కిందికీ కదులుతుంది. పైలట్ తలెత్తి చూసుకోవడమే. నేను దాన్ని ఇంజెక్షన్ సిరంజి గొట్టంతో చేశాను, లోపల ఎర్ర రంగు వేసిన గుండుసూది. ఇంజిన్‌కు నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటో స్విచ్‌లు కాక్‌పిట్ బయట ఉంటాయి, ముందు నిలబడి ప్రొపెల్లర్ తిప్పే మనిషికి అవి ఆఫ్‌లో ఉన్నాయో లేదో కనిపించాలి కాబట్టి. చిన్న ఇత్తడి పిన్నులతో అవి కూడా వచ్చాయి. కాక్‌పిట్ అంచు చుట్టూ ఉండే మెత్త కోసం ఆటో సీట్లు కుట్టే షాపులో మిగిలిన రెగ్జిన్ ముక్క అడిగి తెచ్చుకున్నాను. డబ్బులు కూడా తీసుకోలేదు.

బట్ట మీద రిబ్బు కుట్లు చూపించడమే ఈ మోడల్‌కు ప్రాణం. ఇస్త్రీతో అతికే బట్ట వేశాక ప్రతి రిబ్బు మీదా పెన్సిల్ గీత గీసి, సూది సిరంజితో తెల్ల జిగురు చుక్కలు పెట్టాలి, పదిహేను మిల్లీమీటర్ల ఎడంతో. చుక్క గుండ్రంగా కాకుండా కాస్త పొడుగ్గా రావాలంటే సూదిని ఆనించి చిన్నగా లాగి ఎత్తాలి. జిగురు మరీ పల్చగా ఉంటే చుక్క పరుచుకుపోతుంది, చిక్కగా ఉంటే తోక లేచి ముల్లులా ఎండుతుంది. ఆరాక దాని మీద అదే బట్ట పట్టీ, టైలర్లు వాడే జిగ్‌జాగ్ కత్తెరతో అంచులు కోసి, మెల్లగా ఇస్త్రీ చెయ్యాలి. ఏటవాలు ఎండలో రెక్క మీద ఆ చుక్కలు చిన్న చిన్న నీడలు వేస్తాయి. అది చూశాక నున్నటి రెక్క ఉన్న మోడల్ మళ్లీ నచ్చదు. ఇంట్లోవాళ్లు మాత్రం ఇదంతా దేనికి, పైకి పోయాక కనపడదు కదా అంటారు. వాళ్లు చెప్పిందీ నిజమే.

అయితే తోక దగ్గర చెయ్యి కట్టేసుకోవాలి. టైగర్ మాత్ ముక్కు పొట్టి, తోక పొడుగు. తోక చివర ఒక గ్రాము పెరిగితే ముక్కులో మూడు నాలుగు గ్రాముల సీసం పెట్టాల్సి వస్తుంది. కాబట్టి తోక మీద పట్టీలు, చుక్కలు ఒక్క పొరే, రంగు స్ప్రేతో పల్చగా. స్పిన్ (గిరగిరా తిరుగుతూ కిందికి పడటం) తొందరగా ఆగడానికి తోక రెక్క ముందు ఉండే పలకలు నేను బాల్సాతో కాకుండా మందపాటి కాగితంతో చేశాను. ఎలక్ట్రిక్ అయితే బ్యాటరీని ఫైర్‌వాల్ (మోటారు బిగించే ముందు పలక) దాకా తోసుకునేలా తలుపు పెట్టుకోండి. నాకు సీసం ఇంచుమించు అవసరం పడలేదు. కౌలింగ్ ముందు ఒక పక్కన ఉండే గాలి రంధ్రాన్ని నిజంగానే తెరిచి ఉంచితే మోటారుకూ ఈఎస్‌సీకీ చల్లదనం దొరుకుతుంది. కిట్‌తో వచ్చిన కౌలింగ్ ఒక ఎండాకాలానికే పగిలింది. దాన్నే అచ్చుగా వాడి ఫైబర్ గ్లాస్‌తో ఇంకోటి పోసుకున్నాను.

జిప్సీ మేజర్ ప్రొపెల్లర్ పైలట్ సీట్లోంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిక్కులో తిరుగుతుంది. మన మోడల్ మోటార్లకు మామూలుగా వేసేవి సవ్య దిక్కువి. ఎలక్ట్రిక్ మోటారుకు మూడు వైర్లలో ఏ రెండు మార్చినా దిక్కు మారుతుంది కదా అని నేను 16×8 అంగుళాల పుషర్ (ఎదురు దిక్కులో తిరిగే) ప్రొపెల్లర్ వేసి తిప్పేశాను. చూడ్డానికి ఒరిజినల్‌లా ఉంటుంది, టేకాఫ్‌లో అసలు దానిలాగే కుడికి లాగుతుంది. మీరూ చేస్తే రెండు విషయాలు గుర్తుంచుకోండి. కిట్ ఫైర్‌వాల్ కుడికి వాలి ఉంటుంది, వాషర్లు పెట్టి దాన్ని ఎడమకు తిప్పాలి. మామూలు మరలు ఉన్న నట్టు ఈ దిక్కులో థ్రాటిల్ ఇచ్చిన ప్రతిసారీ కొంచెం కొంచెం వదులవుతుంది, అందుకే లాక్ నట్టు తప్పనిసరి. ప్రతి ఫ్లయిట్ ముందు స్పానర్ పెట్టి చూడటం నాకు అలవాటైపోయింది.

ఎగరడం సంగతికొస్తే, నెమ్మదిగా, నిబ్బరంగా ఎగురుతుంది. ట్రైనర్‌లా మాత్రం కాదు. ఎయిలెరాన్ ఒక్కటే ఇస్తే రెక్క ఒక పక్కకు వాలి, ముక్కు రెండో పక్కకు పోతుంది. అసలు విమానంలో ఈ రోగానికే కిందికి దిగే ఎయిలెరాన్ చాలా తక్కువ కదిలేలా మెకానిజం పెట్టారు. రిమోట్ రేడియోలో డిఫరెన్షియల్ పెట్టండి, అంటే కిందికి కదలిక పైకి కదలికలో మూడో వంతు. దాంతో పాటు రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) చేత్తోనే ఇవ్వండి. రెండూ కలిసి కదిలేలా రేడియోలో మిక్స్ పెట్టుకోవచ్చు గానీ, పెట్టుకుంటే ఈ విమానం ఎగరేయడంలో సగం సరదా పోతుంది. దిగేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా మూస్తే ఇన్ని వైర్లు, స్ట్రట్ల డ్రాగ్‌కు (గాలి అడ్డుకు) గాల్లోనే ఆగినట్టు అయిపోతుంది. చక్రాలు నేలను తాకేదాకా కొంచెం పవర్ ఉంచాలి. తాకాక ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) స్టిక్ వెనక్కి లాగి పట్టుకోవాలి, లేదంటే ముక్కు మీద నిలబడుతుంది. 6 సెల్, 5000 ఎంఏహెచ్ బ్యాటరీతో ఎనిమిది నిమిషాలు తృప్తిగా తిరగొచ్చు. అడ్డగాలి ఉన్న రోజు ఇంట్లోనే ఉంచండి.

మేం ఎగరేసేది ఊరి బయట ఎండాకాలం ఎండిపోయే చెరువులో. తోకలో చక్రం లేకుండా స్కిడ్ ఉండటం మట్టి మీద హాయి, సిమెంటు మీద నరకం. స్కిడ్ కింద స్టీల్ ముక్క అతికించాను, అది అరిగినప్పుడల్లా మారుస్తుంటాను. చెరువు దుమ్ము మోటారు బేరింగుల్లోకి పోతుంది, బేరింగులు మార్చక తప్పలేదు. మూసిన కారులో మధ్యాహ్నం వదిలేస్తే బట్ట అంచులు లేస్తాయి, ఇస్త్రీ మళ్లీ పెట్టుకోవాలి. పసుపు రంగు పైభాగాన కొంచెం వెలిసింది, నాకైతే అలాగే బాగుంది. వైర్ క్రింప్‌ల దగ్గర తుప్పు మాత్రం చూసుకోవాలి. వానాకాలం దాటాక ఫ్లయింగ్ వైర్లు ఎలా ఉన్నా మార్చేస్తాను, వాటి ఖర్చు చాలా తక్కువ. ఎగరేసే చోటు డిజిటల్ స్కై (డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన వెబ్‌సైట్) మ్యాప్‌లో ఏ జోన్‌లో ఉందో చూసుకోవడం మరవకండి. హైదరాబాద్ చుట్టూ ఎయిర్‌ఫీల్డులు ఎక్కువ.

ఇదే విమానం నాలుగో వంతులో కట్టొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. 2.2 మీటర్ల రెక్కలు, గాల్లో ఇంకా హుందాగా ఉంటుంది, నిజమే. కానీ రెక్కల పెట్టె మామూలు కారులో పట్టదు. విడదీయాల్సిందే. మళ్లీ పదహారు వైర్లూ, ముప్పావుగంటా మొదటికొస్తాయి. వ్యాన్ ఉన్నవాళ్లు కట్టుకోండి, లేనివాళ్లకు ఐదో వంతే మేలు.