బావ గైడు, నేను టూరిస్టు: పదకొండేళ్ల విశాఖ షికారు

మా పెళ్లి 2014 నవంబరులో అయింది. అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లి అప్పటికి ఎన్నాళ్లో కాలేదు. కూలిన చెట్లు రోడ్ల పక్కన గుట్టలుగా పడున్నాయి. ఊటీకని దాచుకున్న డబ్బులు ఎగిరిపోయిన ఇంటి రేకులకే అయిపోయాయి. అప్పుడు మా బావ (మా ఆయన్ని నేను అలాగే పిలుస్తాను), "ఏటే, మనూరికే టూరిస్టుల్లా వెళ్దాం. నేను గైడుని. నువ్వు ఎక్కణ్ణుంచో వచ్చిన దానివి. ఏదడిగినా చెప్తాను" అన్నాడు. ఆవేళ మొదలెట్టిన ఆట ఇప్పటికీ ప్రతి పెళ్లిరోజుకీ ఆడుతున్నాం. 2025తో పన్నెండు సార్లయింది. ఈ సమీక్ష ఆ ఒక్కరోజు షికారు గురించి. విశాఖ చూడాలనుకునే జంటలకు పనికొస్తుందనే నమ్మకంతో రాస్తున్నాను.

ఆట ఇదీ. ఇద్దరికీ తలో పది చింతపిక్కలు. ఒక ఏడు బావ గైడు, మరుసటేడు నేను. గైడు ప్రతి చోటా ఒక కొత్త సంగతి చెప్పాలి, పోయినేడు చెప్పింది పనికిరాదు. టూరిస్టు అడిగినదానికి జవాబు చెప్తే ఒక పిక్క గైడు జేబులోకి, చెప్పలేకపోతే టూరిస్టు జేబులోకి. "నాకు తెలుసులే" అని టూరిస్టు నోరు జారితే రెండు పిక్కలు పోతాయి. రాత్రి ఆర్కే బీచ్‌లో ఎవరి పిక్కలు తక్కువైతే వాళ్లు మురీ మిక్చర్ కొనాలి.

మొదటి రెండు మూడేళ్లు ఎనిమిదేసి చోట్లు పెట్టుకున్నాం. జూ, పార్కులు, యారాడ, భీమిలి అన్నీ కలిపేశాం. రాత్రికి ఏది చూశామో గుర్తుండేది కాదు. ఇప్పుడు నాలుగే చోట్లు: సింహాచలం, తొట్లకొండ, కైలాసగిరి, కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం. మిగిలిన పొద్దంతా సముద్రానికి. అరకు మాత్రం ఇందులో కలపకండి. వెళ్లడానికే నూరు కిలోమీటర్లు దాటుతుంది, ఘాట్ రోడ్డు. దానికి వేరే రోజు కావాలి.

మేము కూర్మన్నపాలెం నుంచి స్కూటీ మీద తెల్లారకుండా బయల్దేరతాం. పొద్దున్నే వెళ్తే సింహాద్రి అప్పన్న దర్శనం తాపీగా అవుతుంది. స్వామి ఏడాది పొడుగునా చందనంలోనే ఉంటాడు, నిజరూపం అక్షయ తృతీయ ఒక్కరోజే. శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఇక్కడికి వచ్చిన శాసనం ఉందని బావ ఒక ఏడు చెప్పాడు. బావ మళ్లీ గైడైన ఏడు నేను, "ఈ గుడి ఏ దిక్కు చూస్తుంది?" అని ఎదురడిగాను. పాపం, తూర్పన్నాడు. గుడి చూసేది పడమటికి. భక్తులు కావలించుకుని మొక్కుకునే కప్పస్తంభం దగ్గర మాత్రం ఆట ఆపేస్తాం. మొదటి నాలుగేళ్లూ అక్కడ మేము మొక్కుకున్నది ఒకటే. ఇప్పుడు మా పాప అమ్మమ్మ దగ్గరుంటుంది కాబట్టి మాకు ఈ రోజు దొరుకుతోంది.

అడివివరం నుంచి ముడసర్లోవ మీదుగా హనుమంతవాక, అక్కణ్ణుంచి ఎండాడ, రుషికొండ దాటి తొట్లకొండ. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. విశాఖ వచ్చినవాళ్లు చాలామంది కిందనుంచే దాటిపోతారని బాధేస్తుంది. 1976లో నేవీవాళ్లు విమానంలో సర్వే చేస్తుంటే ఈ శిథిలాలు బయటపడ్డాయి. దాదాపు రెండువేల ఏళ్ల నాటి బౌద్ధ ఆరామం. భిక్షువులు వాన నీళ్లు పట్టుకోడానికి రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ ఉన్నాయి, కొండకి పేరొచ్చింది వాటివల్లే. తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. ఆ మాట విన్నాక కింద కనిపించే సముద్రం నాకు వేరేలా కనిపించింది. ఎక్కడి రోము, ఎక్కడి మంగమారిపేట!

ఇక్కడ మాకో ప్రత్యేక పోటీ ఉంది. స్తూపం దగ్గర పావుగంట మాట్లాడకుండా కూర్చోవాలి. ముందు నోరు విప్పినవాళ్లు రెండు పిక్కలు వదులుకోవాలి. పదకొండేళ్లలో ఎక్కువసార్లు ఓడింది నేనే. ఓడ కనిపించగానే "బావా, అదిగో" అనేస్తాను. ఆ పావుగంటలో గాలి చప్పుడూ, కిందనుంచి అలల హోరూ తప్ప ఏమీ వినపడదు. పెళ్లయిన కొత్తలో ఒకరితో ఒకరు ఏం మాట్లాడాలో తెలియని మాకు, మాట్లాడకుండా పక్కపక్కన కూర్చోవడం ఇక్కడే అలవాటైంది. నీడ తక్కువ. నీళ్లు, టోపీ తప్పకుండా తీసుకెళ్లండి.

దిగాక ఎదురుగానే మంగమారిపేట. సముద్రం పోటు తగ్గినప్పుడు వెళ్తే అక్కడి సహజ శిలాతోరణం దగ్గరగా చూడొచ్చు. రాళ్ల మీద పాచి ఉంటుంది, చేయి పట్టుకునే నడవాలి. ఇంతకంటే మంచి సాకు ఏ జంటకు దొరుకుతుంది?

భోజనం విషయంలో ఒకసారి దెబ్బతిన్నాం. బీచ్ రోడ్డు మీద బోర్డు చూసి ఒక హోటల్లో వంజరం పులుసు చెప్పాం. నిన్నటి చేపని మొదటి ముద్దకే తెలిసిపోయింది. అడిగితే తీసేయలేదు, బిల్లు తగ్గించలేదు. అప్పట్నుంచీ జనం నిండుగా ఉన్నచోటే కూర్చుంటాం. ఆవేళ ఏ చేప వచ్చిందో ముందడిగి, దాన్నే వేపుడు చేయించుకుంటాం.

ఎండ తగ్గేదాకా రుషికొండలో ఉంటాం. శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ ఇది. ఇక్కడైనా ఆర్కే బీచ్‌లోనైనా మోకాలు దాటి లోపలికి వెళ్లొద్దు. అల వెనక్కి లాగే తీరు ఊరివాళ్లకే అంతు పట్టదు. ఫొటో కోసం వెనక్కి వెనక్కి అడుగులేసే కొత్త జంటల్ని చూస్తే నా ప్రాణం గిలగిల్లాడుతుంది, వెళ్లి చెప్పేస్తాను కూడా.

కైలాసగిరికి నాలుగింటికి. రోప్‌వే ఎక్కండి, ఆదివారమైతే క్యూ చూసి స్కూటీ మీదే పైకి వెళ్లిపోండి. 40 అడుగుల శివపార్వతుల బొమ్మలు, టాయ్ ట్రైను అందరికీ తెలిసినవే. నా మట్టుకు నాకు అక్కడి అసలు సొగసు దక్షిణం వైపు కట్ట మీద నిలబడి, వంపు తిరిగిన తీరాన్నీ దాని చివర డాల్ఫిన్స్ నోస్ కొండనీ చూడటంలోనే ఉంది. 2014లో ఇదే చోట ఒక్క పచ్చటి చెట్టు కోసం వెతుక్కున్నాం. 2020లో మాత్రం కొండ ఎక్కలేదు. ఆ అక్టోబరులో తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఎంవీ మా అనే బంగ్లాదేశ్ ఓడని చూసి ఇంటికెళ్లిపోయాం.

సాయంత్రం కుర్సురా. 1969 డిసెంబరులో నేవీలో చేరి 2001 దాకా పనిచేసిన సబ్‌మెరైన్‌ని ఇసుకలోకి లాక్కొచ్చి 2002లో మ్యూజియం చేశారు. 91 మీటర్ల పొడుగు. లోపల మాత్రం ఇద్దరు పక్కపక్కన నడవలేరు. పొడుగు మనిషి కాబట్టి మా బావ గుండ్రటి తలుపు వచ్చిన ప్రతిసారీ వంగాలి. వెనకనుంచి "తల, తల" అని నేను చెప్తూనే ఉంటాను. నేవీలో చేసి రిటైరైనవాళ్లు లోపల వివరిస్తారు, మా గైడు ఆట అక్కడ వాళ్లకి అప్పగించేస్తాం. ఒకదాని మీద ఒకటిగా కట్టిన ఆ ఇరుకు మంచాలు చూసినప్పుడల్లా, నెలల తరబడి ఎదురుచూసిన వాళ్ల ఇంటి ఆడవాళ్లు గుర్తొస్తారు. బావకి నైట్ షిఫ్టు పడితేనే నాకు నిద్ర పట్టదు. సోమవారం మ్యూజియానికి సెలవు. ఒక ఏడు పెళ్లిరోజు సోమవారం వచ్చి, బయటినుంచే చూసి వెనక్కి తిరిగాం. రోడ్డుకి అటువైపు టీయూ-142 అనే నేవీ నిఘా విమానం కూడా మ్యూజియమే. 29 ఏళ్లు ఒక్క ప్రమాదమూ లేకుండా ఎగిరిన విమానమది.

చీకటి పడ్డాక కాళీమాత గుడి దాటి ఇసుకలో కూర్చుంటాం, పిక్కలు లెక్కపెట్టడానికి. మొన్న 2025లో గైడుని నేను. ఇద్దరి దగ్గరా సరిగ్గా పదేసి ఉన్నాయి. బావ చివరి ప్రశ్న అడిగాడు: "ఇక్కణ్ణుంచి ముక్కుసూటిగా తూర్పుకి సముద్రం దాటితే ఏ దేశం?"

"బర్మా" అన్నాను. మా అమ్మమ్మ వాళ్ల నాన్న ఈ తీరం నుంచే ఓడెక్కి రంగం (రంగూన్) వెళ్లాడు. 1942లో యుద్ధం వచ్చి, కాలినడకన అడవులు దాటి తిరిగొచ్చాడు. బర్మా నుంచి వచ్చినవాళ్లని తల్చుకునే కాబోలు, మన ఊళ్లో బర్మా క్యాంపు అనే పేట ఇంకా ఉంది. ఇదంతా చెప్తుంటే బావ ఏమీ అనలేదు. ఒక పిక్క తీసి నా చేతిలో పెట్టి, ఇసుక దులుపుకుని లేచాడు.

"ఉల్లిపాయలు ఎక్కువ వెయ్యమను బావా, నిమ్మకాయ కూడా" అన్నాను.