చాట్స్‌వర్త్: గదులకు గంట, తోటకు పూట

ఇంగ్లండ్‌లో పాత దొరల బంగళాలు రెండు మూడు చూశాక అన్నీ ఒకేలా అనిపిస్తాయి. అవే బంగారు పూత ఫ్రేములు, కూర్చోకుండా తాడు కట్టిన అవే కుర్చీలు. డార్బిషైర్‌లోని చాట్స్‌వర్త్ వేరు. పులివెందుల నుంచి వచ్చిన అత్తయ్య, మామయ్యలను అందుకే అక్కడికి తీసుకెళ్లాం.

ఇది డెవన్‌షైర్ డ్యూకుల ఇల్లు. 1549 నుంచి వాళ్ల కావెండిష్ కుటుంబానిదే. 1950లో పదో డ్యూకు చనిపోతే ఆస్తి మీద 80 శాతం పన్ను పడింది. భూములు, చిత్రపటాలు వదులుకుని, హార్డ్‌విక్ హాల్ అనే ఇంకో పెద్ద భవనాన్నే ప్రభుత్వానికి ఇచ్చేసి దీన్ని నిలబెట్టుకున్నారు. టికెట్ మాత్రం బాగా ఖరీదు. పాత భవనాలను చూసుకునే నేషనల్ ట్రస్ట్ సంస్థ సభ్యత్వ కార్డు ఇక్కడ పనిచేయదు.

లోపల పెయింటెడ్ హాల్ కప్పు మీద జూలియస్ సీజర్ కథ. ఇంకో గదిలో తలుపుకు వయొలిన్ వేలాడుతూ ఉంటుంది. దగ్గరికి వెళ్తే అది రంగులతో వేసిన బొమ్మ! చివర్లో వచ్చే శిల్పాల గ్యాలరీ కోసమైనా ఇంటి టికెట్ కొనాలి. రఫయెల్లె మోంటి 1847 ప్రాంతంలో చెక్కిన ముసుగు కన్య అక్కడుంది. పాలరాతి ముసుగులోంచి ముఖం కనిపిస్తుంది. అత్తయ్య చూడగానే "మన సాలార్‌జంగ్‌లో ఉన్నట్టే ఉందే" అన్నారు. హైదరాబాద్‌లో ఉన్న ముసుగు రెబెక్కా శిల్పం ఇంకో ఇటాలియన్ శిల్పి బెంజోనిది. నా ఓటు రెబెక్కాకే; కానీ ఇక్కడ జనం తోపులాట లేకుండా ఎంతసేపైనా నిలబడి చూడొచ్చు. గదుల మధ్య మెట్లు ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్న వాళ్లు లిఫ్టు సంగతి ముందే అడిగి పెట్టుకోండి.

అసలు మజా తోటలో. 105 ఎకరాలు. ఎంపరర్ ఫౌంటెన్‌ను రష్యా చక్రవర్తి వస్తాడని 1844లో కట్టారు. ఆయన రానే లేదు. కొండమీది చెరువు నుంచి పల్లానికి దిగే నీటి ఒత్తిడితోనే అది ఎగురుతుంది, మోటారు లేదు. మామయ్య ఫౌంటెన్ కంటే ఎక్కువసేపు ఆ పైపులైను గురించే మాట్లాడారు.

ఆ ఫౌంటెన్‌ను కట్టించిన జోసెఫ్ పాక్స్‌టన్ ఇక్కడికి 1826లో హెడ్ తోటమాలిగా వచ్చాడు. 1830లలో గాజు ఇంట్లో అరటి పెంచి, గెల దింపి, దానికి యజమాని ఇంటిపేరు పెట్టించాడు. అదే కావెండిష్ అరటి. మామయ్య తోటలో ఉన్న జీ-9 రకం అరటి ఆ జాతిదే! ఆయన ముఖంలో ఆ క్షణం వచ్చిన వెలుగుకు టికెట్ డబ్బులు గిట్టుబాటయ్యాయి. పాక్స్‌టన్ కట్టిన పెద్ద గాజు ఇల్లు మాత్రం ఇప్పుడు లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెచ్చదనానికి బొగ్గు దొరక్క మొక్కలు చచ్చిపోయాయి, 1920లో దాన్ని పేల్చేశారు. ఆ చోట ఇప్పుడు పొదలతో చేసిన చిక్కుదారి ఉంది. పిల్లలుంటే అక్కడే పూట గడిచిపోతుంది.

తిండికి గుర్రపుశాలల దగ్గర కేఫ్‌లు ఉన్నాయి, ధరలు ఎక్కువ, శాకాహారులకు రకాలు తక్కువ. మేం పులిహోర కట్టుకెళ్లి డెర్వెంట్ నది ఒడ్డున పార్కులో తిన్నాం. ఆ పార్కులో నడవడానికి టికెట్ అక్కర్లేదు.

బస బేక్‌వెల్‌లో ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో. ఊరు ముద్దుగా ఉంది, కానీ గది రెండో అంతస్తులో, మెట్లు నిచ్చెనలా ఉన్నాయి, లిఫ్టు లేదు. అత్తయ్య రాత్రి భోజనానికి కిందికి దిగనన్నారు. పెద్దవాళ్లతో వెళ్తే దగ్గర్లోని షెఫీల్డ్ నగరంలో ఉండటం నయం: లిఫ్టున్న హోటళ్లు, రాత్రికి అన్నం దొరికే చోట్లు ఉంటాయి. ఇద్దరే అయితే బేక్‌వెల్‌లోనే ఉండండి. అక్కడి నుంచి కొండదారిన చాట్స్‌వర్త్‌కు నడిచే వెళ్లొచ్చు.

మర్నాడు డార్బీ దగ్గర కెడిల్‌స్టన్ హాల్ కూడా చూశాం. వైస్రాయ్ కర్జన్ పుట్టిన ఇల్లు. కలకత్తాలోని గవర్నర్ భవనాన్ని (నిన్నటి రాజ్‌భవన్) దీని నమూనాలోనే కట్టారు. కర్జన్ మన వైపు నుంచి పోగేసుకెళ్లిన వస్తువులు ఒక మ్యూజియంగా ఉన్నాయి. అక్కడ నేషనల్ ట్రస్ట్ కార్డు చెల్లుతుంది, జనం తక్కువ, కారు లేకపోతే మాత్రం కష్టం. తోట విషయంలో చాట్స్‌వర్త్‌కు సాటి రాదు. ఒక్కరోజే ఉంటే దీన్ని వదిలేయండి.