పేర్లు చెప్పనివాడి సినిమా, చెప్పినవాడి సినిమా

1950ల మొదట్లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ఒకటి హాలీవుడ్ వాళ్లను పిలిచి, మీలో కమ్యూనిస్టులెవరో పేర్లు చెప్పమని నిలదీసింది. చెప్పకపోతే ఇక పని దొరకదు. ఆ టెన్షన్‌లోంచి వచ్చిన రెండు సినిమాలను పక్కపక్కన పెట్టి చూడండి.

‘హై నూన్’ (1952) రాసిన కార్ల్ ఫోర్‌మన్ పేర్లు చెప్పలేదు, బ్లాక్‌లిస్టులో పడి ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. కథలో మార్షల్, అంటే ఊరి పోలీసు అధికారి, తనను చంపడానికి వస్తున్న ముఠాను ఎదుర్కోవడానికి చర్చికి వెళ్లి సాయం అడిగితే ఒకరు సానుభూతి చూపిస్తారు, ఒకరు ఊరొదిలి పొమ్మంటారు, వెంట మాత్రం ఎవరూ రారు. చివర్లో అతను ఛాతీ మీది బిళ్ల పీకి మట్టిలో పడేస్తాడు. ఒక్క మాట ఉండదు. నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’ (1954) తీసిన ఎలియా కజాన్ 1952లో ఎనిమిది మంది పేర్లు చెప్పాడు. అతని హీరో రేవు యూనియన్ రౌడీల మీద సాక్ష్యం చెబుతాడు. సినిమాగా చూస్తే ఇదే గొప్పది, ముఖ్యంగా హీరోగా వేసిన మార్లన్ బ్రాండో కోసం, 8 ఆస్కార్లూ వచ్చాయి. కానీ హత్యలు చేయించేవాళ్లను పట్టించడం, రాజకీయ నమ్మకం ఉన్న పాత స్నేహితులను పట్టించడం ఒకటెలా అవుతాయి? నేను ఫోర్‌మన్ వైపే. 1999లో కజాన్‌కు గౌరవ ఆస్కార్ ఇచ్చినప్పుడు కూడా హాల్లో కొందరు లేచి చప్పట్లు కొట్టారు, కొందరు చేతులు కదపకుండా కూర్చున్నారు.