కుండీలో గుచ్చే మాయిశ్చర్ మీటర్, ఆర్నెల్లు వాడాక

నీళ్లు ఎప్పుడు పొయ్యాలో ఇదే చెప్పేస్తుంది అని డబ్బా మీద రాసుంది, నాక్కావాల్సింది అదే కదా అని తెప్పించేశా. రెండు పుల్లలుండే త్రీ ఇన్ వన్ రకం, అంటే మట్టిలో తడి, మట్టి పులుపు (పీహెచ్), వెలుతురు మూడూ చూసేది, బ్యాటరీ లేదు, పైన ముల్లు, 1 నుంచి 10 దాకా అంకెలు, ఎరుపులో ఉంటే ఎండిపోయినట్టు, పచ్చలో ఉంటే సరిపడా, నీలంలో ఉంటే బురద. నేనిచ్చేది మూడు స్టార్లు.

తెప్పించడానికి కారణం ఒక మందారం. ఆకులు వేలాడేసింది, దాహమేమో పాపం అని పొద్దున ఓ మగ్గు సాయంత్రం ఓ మగ్గు పోశా, ఇంకా వేలాడేసింది, నేను ఇంకా పోశా. చివరికి పీకి చూస్తే వేర్లు గోధుమరంగులో మెత్తగా అయిపోయి, వేళ్లతో పట్టి లాగితే పైతోలు తొడుగులా ఊడొచ్చేస్తోంది, కంపు సరేసరి. నీళ్లు తక్కువైనా ఆకులు వాలతాయి ఎక్కువైనా వాలతాయి, వేరు కుళ్లాక పీల్చుకునే దిక్కులేదు కాబట్టి కింద చెరువున్నా పైన కరువే. ఈ తెలివి మొక్క పోయాక వచ్చింది లెండి.

మీటరు వచ్చిన మొదటి వారం కనబడ్డ కుండీలోనల్లా గుచ్చా. అనుమానం అప్పుడే మొదలైంది, ఒకే కుండీలో కాండం దగ్గర 3, అంచు దగ్గర 7. సరే అని ఫిల్టర్ నీళ్ల గ్లాసులో ముంచి చూశా, ముల్లు సగం కూడా దాటలేదు. నీళ్లలో పెడితే తడి లేదంటుందేంటి! చిటికెడు ఉప్పు వేసి కలిపా, టక్కున చివరికెళ్లి కూర్చుంది. విషయం ఏంటంటే ఆ రెండు పుల్లలూ వేర్వేరు లోహాలు, తడి మట్టిలో దింపితే వాటి మధ్య కొంచెం కరెంటు పుడుతుంది, ముల్లుని కదిలించేది అదే, వేరే బ్యాటరీ అక్కర్లేనిదీ అందుకే. ఆ కరెంటు తడిని బట్టే కాదు, మట్టిలో కరిగున్న లవణాలని బట్టి కూడా పెరుగుతుంది తగ్గుతుంది. అందుకే ఎరువు నీళ్లు పోసిన మర్నాడు ఇది చెప్పేది అస్సలు నమ్మకండి, అన్నీ నీలమే. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఎక్కువున్న గుల్ల మిక్స్‌లో దీనికి రివర్స్, పుల్లకి మట్టి సరిగ్గా ఆనక లోపల తడిగానే ఉన్నా ఎండిపోయిందంటుంది. అది నమ్మి మళ్లీ పోశారో, నా మందారం కథే.

మరి మూడు స్టార్లు ఎందుకిచ్చావ్ అంటారా, టమాటా పెట్టిన పెద్ద కుండీ వల్ల. నీళ్లు పొయ్యగానే కింద కన్నంలోంచి కారేవి, నిండిపోయిందిలే అనుకునేదాన్ని, మొక్క మాత్రం మధ్యాహ్నానికల్లా సోలిపోయేది. మీటరు లోపలికంటా దింపితే 2! మూడు చోట్ల చూశా, అదే. తీరా చూస్తే మట్టి బాగా ఎండి కుంచించుకుపోయి కుండీ గోడకీ మట్టిముద్దకీ మధ్య వేలు దూరేంత సందు, పోసిన నీళ్లన్నీ ఆ సందులోంచి జారిపోతున్నాయి, వేర్ల దాకా చుక్క చేరట్లేదు. కుండీని టబ్బులో పెట్టి సగం దాకా నీళ్లు పోసి, పైమట్టి నల్లబడేదాకా ఉంచా, తర్వాత ఆ సందులో మట్టి కూరి పైన ఎండుటాకులు పరిచా. ఇది వేలితో తెలిసేది కాదు, వేలు అంత లోతుకి వెళ్లదు కదా.

పీహెచ్ అని ఒక స్విచ్చుంది, దాన్ని మర్చిపోండి. నిమ్మరసం కలిపిన మట్టిలో పెట్టినా, మామూలు మట్టిలో పెట్టినా 7 దగ్గరే బద్ధకంగా ఊగింది. వెలుతురు చూసేది పర్లేదు, కానీ ఎండ పడుతుందో లేదో కళ్లకి కనబడుతుందిగా.

ఇంకోటి, దీన్ని మట్టిలో గుచ్చి వదిలెయ్యకూడదు. నేను ఒక వారం మర్చిపోయా, పుల్లల మీద పొక్కుల్లా కట్టి ఎక్కడ పెట్టినా ఎండిపోయిందనే అంటోంది, గిన్నెలు తోమే పీచుతో గట్టిగా రుద్దితే మళ్లీ దారిలోకొచ్చింది. చూశాక తీసెయ్యడం, గుడ్డతో తుడవడం, అంతే. గట్టి మట్టిలో బలంగా తొయ్యకండి, రాయి తగిలితే వంగిపోతుంది, ముందు చీపురుపుల్లతో దారి చేసుకుని అప్పుడు దింపండి. ఆ చీపురుపుల్లే అయిదు నిమిషాలుంచి బయటికి తీస్తే, తడి మట్టి అంటుకొచ్చిందా లేదా పొడిగా వచ్చిందా అన్నదాంతో సగం సంగతి తెలిసిపోతుంది కూడా.

చిన్న కుండీలకైతే అసలు కొనకండి, ఊరికే గుచ్చి వేర్లు తెంపుకోవడం తప్ప ఏం లేదు. వేలు రెండు కణుపుల దాకా పెట్టి చూడండి, లేదా నీళ్లు నిండా పోసిన రోజు కుండీ ఓసారి ఎత్తి ఆ బరువు గుర్తు పెట్టుకోండి, చేతికి తేలిగ్గా అనిపించినప్పుడు మళ్లీ పొయ్యండి. ఎత్తలేని పెద్ద కుండీలు, అడుగుదాకా ఎండితే గానీ నీళ్లు పొయ్యకూడని స్నేక్ ప్లాంటు లాంటివి ఉంటే మాత్రం తీసుకోవచ్చు. కొనేప్పుడు పుల్ల పొడుగు చూసుకోండి, పొట్టివి కుండీలో సగానికి కూడా దిగవు, తడి నిలబడేది ఏమో అడుగున.