టీఎస్-బీపాస్: ఇంటి అనుమతి సేవపై ఒక పరిశీలన

తెలంగాణలో 2020 నాటి చట్టంతో అమల్లోకి వచ్చిన, ఇంటి నిర్మాణ అనుమతులను ఆన్‌లైన్‌లో ఇచ్చే టీఎస్-బీపాస్ సేవలో సామాన్య గృహస్థుకు బాగా నచ్చేది, ఏ ఇంటికి ఎంతటి అనుమతి కావాలో స్థలం కొలతను బట్టే తేల్చి చెప్పడం. 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు మించని ఇంటికి ప్రత్యేకంగా అనుమతి తీసుకోనక్కర్లేదు; ఒక్క రూపాయి రుసుముతో నమోదు చేసుకుంటే చాలు. అంతకు మించి 500 చదరపు మీటర్ల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపు నివాస గృహాలకు స్వీయ ధ్రువీకరణపై, అంటే వివరాలు సరైనవేనని యజమానే ఇచ్చే హామీపై, వెంటనే అనుమతి లభిస్తుంది. ఆపై కట్టడాలకు, అన్ని అనుమతులూ ఒకేచోట ఇచ్చే ఏకగవాక్ష విధానంలో చట్టం 21 రోజుల గడువు పెట్టింది.

అయితే ఈ సౌలభ్యంలోనే ఒక ముల్లు దాగి ఉంది. దరఖాస్తులో తప్పుడు వివరాలిచ్చినా, ఆమోదించిన ప్లానును అతిక్రమించినా, ముందస్తు నోటీసు లేకుండానే కూల్చివేసే అధికారాన్ని చట్టం కల్పించింది కనుక, భారమంతా సంతకం చేసిన యజమానిపైనే పడుతుంది. మేము ఆశ్రయించిన ప్లానర్, మా స్థలం ముందున్న రోడ్డు వెడల్పును ఎక్కువగా చూపబోగా, టేపు పట్టుకుని కొలిచాకే సంతకం పెట్టాను.

రంగులు వేయించడం, గచ్చు మార్చడం వంటి మరమ్మతులకు ఈ తతంగం అక్కర్లేదు. పై అంతస్తు వేయాలంటే మాత్రం తప్పదు. 2025లో టీఎస్-బీపాస్ స్థానంలో బిల్డ్‌నౌ పేరిట కొత్త ఆన్‌లైన్ అనుమతి విధానం వచ్చింది కాబట్టి, దరఖాస్తుకు ముందు అందులోని నిబంధనలను కూడా చూసుకోవాలి.