లంపాంగ్‌లో ఫుట్‌బాల్ సాయంత్రం: ఆట ఆనందం, బస అన్యాయం

థాయ్‌లాండ్ వెళ్లే మనవాళ్లలో చాలామంది బ్యాంకాక్, పట్టాయా, ఫుకెట్ చూసుకుని తిరిగి వచ్చేస్తారు. ఉత్తరాదికి వెళ్లినవారు కూడా చియాంగ్ మాయ్‌తో ఆగిపోతారు. అక్కడికి రైలులో రెండు రెండున్నర గంటల దూరంలో ఉన్న లంపాంగ్‌ను, అందులోనూ ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు సొంత మైదానాన్ని తప్పక చూడమని చెప్పడానికీ, బస విషయంలో మాకు జరిగిన అన్యాయం ఇంకొకరికి జరగకుండా హెచ్చరించడానికీ ఇది రాస్తున్నాను.

2023 నవంబరులో భారతీయులకు వీసా అవసరం తీసేయడంతో డిసెంబరులో నేను, మా ఆవిడ, మా బావమరిది బయలుదేరాము. చియాంగ్ మాయ్ నుంచి మూడో తరగతి టికెట్టు మనిషికి 23 బాత్‌లు, అంటే మన డబ్బులో 55 రూపాయలు. దారిలో 1,352 మీటర్ల ఖున్ తాన్ సొరంగం వస్తుంది. ప్రయాణం హాయిగా సాగింది.

అసలు కష్టం వాంగ్ నది ఒడ్డున ఉన్న ఒక వసతి గృహంలో మొదలైంది. ఫోనులో గదికి 700 బాత్‌లని చెప్పినవారు, సామాను దించాక శని, ఆదివారాల్లో 1,100 అన్నారు. దగ్గరలోని కాద్ కోంగ్ తా వీధిలో ఆ రెండు సాయంత్రాలూ సంత జరుగుతుంది కాబట్టి గదులకు గిరాకీ ఉంటుందట. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే మేము వేరే చోటు వెతుక్కునేవాళ్లము. పైగా తాళంచెవికి 500 బాత్‌లు ధరావతు కట్టించుకుని, ఖాళీ చేసేటప్పుడు తువ్వాలుకు మరక అంటిందంటూ అందులో 300 పట్టుకున్నారు. ఆ మరకను మా ఆవిడ మొదటి రాత్రే అక్కడి కుర్రవాడికి చూపించింది, అతను తల ఊపి వెళ్లాడు కూడా. మా బావమరిది గొంతు పెంచి వాదించాడు, ఆవిడ మాత్రం ఒక్క మాటా మాట్లాడకుండా బయటికి వెళ్లి నిలబడింది. ఆ మౌనమే నాకు ఎక్కువ బాధ కలిగించింది. అద్దె ఎంతో ముందుగానే రాతపూర్వకంగా తెప్పించుకోండి, గదిలో అడుగుపెట్టగానే దుప్పట్లు, తువ్వాళ్లు ఫొటో తీసి పెట్టుకోండి.

ఇక మైదానం సంగతి. గుర్రబ్బండ్లు ఇంకా రోడ్ల మీద తిరిగే ఊరు ఇది. ఇప్పుడు బ్యాంకాక్‌లో ఉన్న మరకత బుద్ధుడు 1436 నుంచి 1468 వరకు ఇక్కడే కొలువై ఉన్నాడు. ఈ ఊరి జట్టును అభిమానులు ‘మరకతపు గుర్రబ్బండి’ అని పిలుచుకుంటారు. 2022-23లో థాయ్ మొదటి లీగుకు ఎక్కి, ఒక్క ఏడాదికే రెండో లీగుకు దిగిపోయిన జట్టు అయినా, నోంగ్ క్రతింగ్ వైపు ఉన్న ప్రావిన్సు పాలక సంస్థ స్టేడియానికి జనం కుటుంబాలతో వచ్చారు. టికెట్టు 100 బాత్‌లు. గేటు దగ్గర ఒక పెద్దావిడ బొగ్గుల మీద పంది మాంసం పుల్లలను తిప్పుతూ, రెండో చేత్తో అట్టముక్కతో విసురుతూ, ఎవరి వంతు ఎప్పుడో పొరపడకుండా అందరికీ అందిస్తూ ఉంది. మాంసం ముట్టని మా ఆవిడ ఆకలితో ఉండిపోవాలేమో అనుకున్నాము కానీ, పక్క బల్ల మీద ఖావో తాన్ దొరికింది. పుచ్చకాయ రసంతో కలిపిన జిగురు అన్నాన్ని బిళ్లలుగా ఎండబెట్టి, నూనెలో వేయించి, పైన బెల్లం పాకం తీగలుగా పోస్తారు. మన బియ్యపు వడియానికి తీపి పూసినట్టు ఉంటుంది. సంచీ 35 బాత్‌లు. రెండు సంచులు ఆట సగం కాకముందే ఖాళీ అయ్యాయి.

గచ్చిబౌలి స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఆటలు వదలకుండా చూసిన మా బావమరిది, ఇంత దగ్గర నుంచి ఆటగాళ్ల కేకలు, బూటు బంతికి తగిలే చప్పుడు ఎప్పుడూ వినలేదన్నాడు. వెనక వరుసలో డోలు వాయిస్తున్న బృందం అతన్ని పిలిచి చేతికి కర్రలిచ్చింది. ఆట 1-1తో ముగిసేదాకా అతను మా వైపు తిరిగి రాలేదు. చివర్లో ఆటగాళ్లు వరుసగా నిలబడి ప్రేక్షకులకు చేతులు జోడించారు. గెలవని రోజున కూడా ఎవరూ తిట్టలేదు, ఎవరూ ముందుగా లేచి వెళ్లలేదు.

ఆట అయ్యాక బయట సోంగ్‌తావ్‌లు, అంటే వెనక రెండు బల్లలు వేసిన షేర్ బండ్లు, దొరకవు. వెళ్లేటప్పుడు 30 బాత్‌లు తీసుకున్న బండికి బదులు, తిరిగి వచ్చేటప్పుడు ఒకతను 250 అడిగాడు. అది విని డోలు బృందంలోని ఒక కుటుంబం మమ్మల్ని తమ పికప్ వెనక ఎక్కించుకుని సంత వీధి మొదట్లో దించింది, డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. అప్పటికి మా ఆవిడ మాటలు మళ్లీ మొదలయ్యాయి.

గుర్రబ్బండి మీద అరగంట తిరగడానికి 300 బాత్‌లు ఇచ్చాము, అది న్యాయమే. వాట్ ఫ్రా థాట్ లంపాంగ్ లువాంగ్ అనే బౌద్ధ ఆలయానికి ఉదయమే వెళ్లండి. జట్టు సొంత మైదానంలో శనివారం ఆడే వారం చూసుకుని, బస నది ఒడ్డున కాకుండా రైల్వే స్టేషన్ వైపు తీసుకోండి. ఆదివారం సాయంత్రం సంత చూడటానికి అక్కడి నుంచి బండి దొరుకుతుంది.